పిలుపు రాని గడప

తిరువొత్తియూరు,
12-5-1997

తాయారక్కకు,

నీ కోకిల దండాలు పెట్టి రాస్తున్నది. మా అమ్మాయి మధుమిత పెళ్లి పనులు వరుసగానే నడుస్తున్నాయి. ఈ ఉత్తరం దాని గురించి కాదు. మొన్న బుధవారం ఎదురింటి భువనేశ్వరి కూతురి పెళ్లి జరిగింది. నన్ను పిలవలేదు.

ఏడుపు రాలేదక్కా. మామూలుగానే పాలు కాచాను, ఖర్చులు రాసుకున్నాను, బియ్యం ఏరాను. చేతుల పని చేతులు చేసుకుపోతున్నాయి, అంతే. భువనా నేనూ ఈ వీధిలోనే పుట్టి, మేనరికాలు చేసుకుని ఇక్కడే ఉండిపోయినవాళ్లం. శుభకార్యమైతే ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి పిలవాలి, పత్రిక ఒక్కటే ఇస్తే పిలిచినట్టు కాదు. వరుసలో ఒక గడపను పిలవకుండా దాటామంటే ఆ ఇంటితో రాకపోకలు తెంచుకున్నట్టే. ఇవన్నీ అమ్మ నిన్నూ నన్నూ భువననూ వెంట తిప్పుకుని నేర్పినవే కదా.

నువ్విప్పుడు వస్తే ఈ ఊరిని గుర్తుపట్టవు. ఫ్యాక్టరీల కోసం మద్రాసుకు వచ్చిన జనం తొండియార్‌పేట నిండాక ఇటు మళ్లారు. మేడ మీద మేడ వేశారు. పశువుల కొట్టాలు కూడా అద్దె పోర్షన్లయ్యాయి. మేమూ ముందు హాలు, అరుగు అద్దెకిచ్చి వెనక భాగంలోకి మారాం. పక్క సందులోంచి వచ్చి పోతున్నాం.

ఆ ముందు భాగంలో ఉండే తంగమ్మ పెళ్లినాడు పట్టుచీర కట్టుకుని, తాంబూలం సంచితో తిరిగి వచ్చింది. “ఏమక్కా, మీరు రాలేదే? పాయసం బలే ఉండె,” అంది. వచ్చి ఏడాది కూడా కాని మనిషి. ఒంట్లో బాగాలేదని చెప్పి లోపలికి వచ్చేశాను.

మధుమిత పెళ్లి పిలుపులకు వెళ్లేటప్పుడు భువన గడప దాటిపోతాను. పెళ్లయ్యాక ఈ ఊరే వదిలేద్దామని ఆయనతో చెప్పాను. “యాడికి పోయినా జనమే గదా,” అన్నారు. “ఆ జనంలో నాకు తెలిసినవాళ్లు ఉండరు. అది చాలు,” అన్నాను.

నీ చెల్లెలు,
కోకిల


తిరువొత్తియూరు,
28-5-1997

అక్కా,

తొందరపడొద్దని నువ్వు రాసిన జవాబు ఇవాళే అందింది. నేను నిన్ననే పిలుపులకు బయలుదేరాను.

భువన పక్కింట్లో బొట్టు పెట్టి, తల దించుకుని ఆమె వాకిలి దాటుతున్నాను. భువన గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఏమ్మే కోకిలా, కండ్లు కనపళ్ళేదా? ఈడ ఒక గడప ఉండాది.”

“నా గడప నీకు కనపడిందా?”

“కనపళ్ళేదా! నా కోడలు వచ్చి బొట్టు పెట్టి పిలిచె గదా. మోకాళ్ల నొప్పితో నేను మెట్లెక్కలేకపోతిని, దాన్ని పంపిస్తిని. మండపం వాకిట్లో నీకోసం చూసి చూసి నా కండ్లు కాయలు కాసె. నువ్వేమో రాకపోతివి.”

కోడలు సింధూరిని కేకేసింది. ఆ పిల్ల కాంచీపురం నుంచి కాపురానికి వచ్చి ఆరు నెలలైంది. అత్త ఎదురిల్లని చెబితే ఎదురింటి ముందు తలుపు తట్టింది. తీసింది తంగమ్మ. ఇంటి ఇల్లాలిని పేరు అడగడం మర్యాద కాదు కనుక అడగలేదు. బొట్టు పెట్టి, “మా అత్త మిమ్మల్ని తప్పకుండా రావాలన్నారు,” అని చెప్పి వచ్చేసింది.

భువన మా ఇంటి ముందు తలుపు వైపు చూసింది. “అదా సంగతి! ఆయమ్మ వచ్చి బిడ్డకు అక్షింతలు వేసి, నా చేతులు పట్టుకుని కండ్ల నీళ్లు పెట్టుకునె. మీ ముందు హాల్లో ఎవరుండారో నేనెప్పుడు చూస్తిని, మగపిల్లోడి తరపు చుట్టమేమో అనుకుంటి.”

తంగమ్మ పట్టుచీర గుర్తొచ్చింది. ఈ ఊళ్లో ఆమెను బొట్టు పెట్టి పిలిచినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఈ సంగతి ఆమెకు చెప్పకూడదని ఇద్దరం అనుకున్నాం.

భువనకు బొట్టు పెట్టాను. మా ఇద్దరికీ నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. “పా, నేనూ వస్తా. మెల్లిగా ఎక్కుతాలే,” అని చెప్పులేసుకుంది. ఆ తరువాత మర్యాద సంగతి పక్కన పెట్టి, ప్రతి గడపలోనూ ముందు పేరు అడిగి, ఆ తరువాతే బొట్టు పెట్టాం. ఊరు వదిలే మాట ఆయన దగ్గర మళ్లీ ఎత్తలేదు.

వీధి చివర రంగసామి మామ ఇల్లుండేది చూడు, అక్కడిప్పుడు మూడంతస్తుల మేడ. పై అంతస్తులో చంకలో బిడ్డనెత్తుకున్న ఒకమ్మాయి తలుపు తీసింది. బొట్టు పెట్టించుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదే. వీధికి కొత్తగా వచ్చినారా?” అని అరవంలో అడిగింది.

నేను భువన వైపు చూశాను.

“అవునమ్మా, కొత్తే,” అంది భువన.

ఆ అమ్మాయి మమ్మల్ని లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. నీళ్ల లారీ ఏ మూల ఆగుతుందో, పాలు ఎవరింట్లో చిక్కగా ఉంటాయో, రైలు దిగాక ఏ సందులోంచి వస్తే దగ్గరో, ఒక్కొక్కటీ ఓపికగా చెప్పింది. మేము తల ఊపుతూ అన్నీ విన్నాం.

నీ,
కోకిల