డాబా మీద తెల్లచీర

హెప్సిబా అత్తయ్యగారికి వందనాలు.

ఫోన్లో మీకు సరిగా వినపడదు, గ్రేస్ వదిన చేత చెప్పిస్తే నొచ్చుకుంటారు. అందుకే రాస్తున్నాను.

మీ డాబా మీద నేను పెట్టిన గాలి పీల్చే మిషన్‌లోంచి వదిన తీసి పంపిన నలభై రోజుల ఫిల్టరు కాగితాలు చూశాను. ఒక్కదాని మీదా మసి లేదు. చుట్టూ చేలల్లో గడ్డి తగలబెడుతుంటే అది జరిగే పని కాదు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది వదిన, మొదటి రోజే మీరు చర్చికి కట్టుకునే తెల్లచీర తీసి మిషన్ మీద కప్పారని.

"నీ మిషన్ మీద దుమ్ము పడనివ్వనమ్మా" అని మీరన్నప్పుడే నాకు అర్థం కావలసింది. తప్పు నాదే. దాన్ని పెట్టిందే దుమ్ము పట్టడానికని మీకు చెప్పలేదు. అలాంటి రేణువుల చుట్టూనే పైన మబ్బుల్లో మంచు పలుకులు కడతాయి. కొల్లేటి మీది పొగకు ఆ గుణం ఉందో లేదో నాకు తేలాలి.

నా పరిశోధన చూసే సార్ ఆ చోటు వదిలేయమన్నారు. వదలనని చెప్పేశాను. గాలిలో ఎంత దుమ్ముందో ఇక తెలియదు గానీ, ఎలాంటి దుమ్మో మీ చీర చెబుతుంది. దాన్ని నీళ్ళలో జాడించి, ఆ చుక్కల్ని గడ్డకట్టించి చూస్తాను.

శనివారం భీమడోలులో రైలు దిగుతాను. నేను వస్తున్నానంటే మీరు అన్నీ కడిగి పెడతారని తెలుసు. ఇల్లు కడగండి. చీర మాత్రం ఉతకొద్దండి, దులపనూ వద్దు. నేను వస్తున్నది ఆ మురికి కోసమే.

మీ మేనకోడలు