పెద్దమ్మ దగ్గర నాలుగేళ్లు

శుక్రవారం, బోధన్

ఎంబీబీఎస్ సీటు వచ్చింది. అదీ నిజామాబాద్‌లోనే, లోకల్ కోటాలో. ఇంకా నమ్మకం కుదరడం లేదు.

నా ఎనిమిదో తరగతి అయిపోయినప్పుడు బాపుకు మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీలో పని దొరికింది. సామాను కూడా కట్టేశాం. టీసీ కోసం బడికి వెళ్తే లెక్కల సారు బాపును కూర్చోబెట్టారు. "పిల్ల డాక్టర్ అయితనంటున్నది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేండ్లు ఈడ సదివితెనే లోకల్ కింద లెక్క. మీ ఎంబడి తోల్కపోతే ఈడ సీటు కష్టమైతది" అన్నారు.

బాపు ఏమీ తోచక ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. బీడీలు చుడుతున్న పెద్దమ్మ తలెత్తకుండానే "నా దగ్గరుంటది తియ్యి" అంది. అంతే, బాపువాళ్లు చెల్లెను తీసుకుని మహారాష్ట్ర వెళ్లారు, నేను ఇక్కడ ఉండిపోయాను.

ఈరోజు సాయంత్రం సీటు సంగతి చెబితే ఫోన్‌లో బాపు ఏడ్చాడు. కాసేపటికి మెల్లగా, "నీ చెల్లె గూడ వచ్చే ఏడు తొమ్మిదికొస్తది బిడ్డా..." అని ఆగిపోయాడు. నేను పెద్దమ్మ వైపు చూశాను. బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్లు ఇప్పుడు సరిగ్గా ముడుచుకోవు. మళ్లీ నాలుగేళ్లు ఏ ముఖంతో అడగను?

పెద్దమ్మే నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "ఫికర్ పెట్టుకోకుండ్రి. దాన్ని గూడ తోలుండ్రి. ఇది హాస్టల్‌కు పోతే నాకు ఇల్లు బోసిపోతది" అంది.

ఆ మాట నిజమో, బాపు కోసం అన్నదో తెలియదు. నేను ఆమె చేతులు పట్టుకుని కూర్చున్నాను.

"ఏడుస్తవేందే, డాక్టరమ్మా?"

ఆమె వేళ్లను ఒక్కొక్కటే మెల్లగా ఒత్తాను. ఆమెకు ఎంత రుణపడ్డానో ఈ డైరీలోనైనా రాయగలననుకున్నాను. ఇక్కడా మాటలు రావడం లేదు...