గాలి బుడగ

అక్కకి,

ఈసారి వేళాకోళం కాదు, ఒట్టు. ముందు చదువు, తర్వాత తీరిగ్గా తిట్టు.

యాభై రెండేళ్లొచ్చాక నేను మైక్రోస్కోపు కొన్నది జ్ఞానం కోసం కాదని నీకు తెలిసిందేగా. నువ్వు అమ్మాయి దగ్గరికి వెళ్లిన వారానికి బావ వేలు పొడిచి, రక్తపు చుక్క గాజు పలక మీద వేసి, "చూడు బావా, నీ ఒంట్లో నల్లంచు పురుగు!" అని హడలగొట్టాను. రెండు రోజులు ఆయన అన్నం ముట్టలేదు. అది ఉత్త గాలి బుడగ. పైన వేసే పల్చటి అద్దం సరిగ్గా పడకపోతే లోపల గాలి చిక్కుకుని అలా నల్లటి అంచుతో గుండ్రంగా కనిపిస్తుంది. సంగతి తెలిసి వీధంతా నవ్వింది, బావ తప్ప.

నీరసంగా ఉందంటే నిన్న బావని ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు రక్తం పరీక్ష చేసి, కణాల్లో ఏదో తేడా ఉందని వెంటనే చేరమన్నాడు. బావేమో, "ఈయనకీ నువ్వే నేర్పావట్రా? ఇదీ బుడగేలే!" అని ఆ పరీక్ష కాగితం చించేసి ఇంటికొచ్చి పడుకున్నాడు.

నా మాట ఇంకెప్పటికీ నమ్మడు. నువ్వొచ్చి చెప్పు. ఆ డాక్టర్ని బతిమాలుకుని, ఆయన మైక్రోస్కోపులో బావ రక్తం నేనే చూశాను.

బుడగ కోసం గంటసేపు వెతికానక్కా. ఒక్కటీ లేదు.

నీ తమ్ముడు