అమానతు పశువులు

ప్రియమైన తలాప్‌కు,

నువ్వున్న మేతబీడుకు ఫోను అందదు కనుక, నీళ్ల లారీ నడిపే కెన్జె చేతికి ఈ ఉత్తరమూ కాసిని ఎండు పెరుగు ఉండలూ ఇచ్చి పంపుతున్నాను. ఊరి చుట్టూ మేత మాడిపోయింది. ఎండుగడ్డి ధర కొండెక్కి కూర్చుంది. పశువులను సరిహద్దు దాటించి అమ్మకూడదని ప్రభుత్వం కట్టడి చేశాక, కోతకు కొనే దళారి ఆడింది ఆట అయింది.

మన మంద ఒక్కటే అయితే ఆ బీడు చాలు. చుట్టాల పశువులన్నీ నెత్తిన వేసుకున్నావు. మనవాటికంటే మీ సగిందిక్ బాబాయివే ఎక్కువట! ఎవరివి వాళ్లను తోలుకుపొమ్మను. నీకు నోరు రాకపోతే నన్ను చెప్పనీ.

నీ మంచే కోరే
రౌషన్

ప్రియమైన రౌషన్,

ఎండు పెరుగు అందింది. బావి చుట్టూ నేల బోడిగుండు అయిపోయింది, గాలి లేస్తే దుమ్మే. పశువులు మేత కోసం దూరం పోయి, నీళ్లకు తిరిగి రాలేక దారిలోనే కూలబడుతున్నాయి.

నువ్వన్నది నిజమే. కానీ నమ్మి అమానతుగా అప్పగించిన పశువును మేత లేదు తీసుకుపో అని ఏ ముఖం పెట్టుకుని అనను? మా నాన్న ఎన్నడూ అనలేదు. నువ్వూ అడగొద్దు. కోడలు ఇల్లిల్లూ తిరిగి నిలదీసిందంటే ఊళ్లో తలెత్తుకోలేను. ఏదో ఒకటి చేస్తాను.

నీ తలాప్

ప్రియమైన ఇంటాయనకు,

వద్దన్నావు, వెళ్లాను. ఏదో ఒకటి చేస్తానన్న నీ మాటకే నాకు భయం పట్టుకుంది. మీ బాబాయి టీ పోయించి, మగాడు నోరు విప్పలేదు, నీకెందుకమ్మా ఈ పెత్తనం అన్నాడు.

"ఆయన విప్పడు మామయ్యా. పశువులు చచ్చాక నేనొచ్చి ఏడుస్తాను. అప్పుడూ ఇలాగే టీ తాగుతూ వింటారా?" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత లారీ మాట్లాడమని కొడుకును పంపాడు. ఆయన కదిలాక మిగతావాళ్లూ కదిలారు. ఎల్లుండి అందరూ వస్తున్నారు. అంతవరకు ఓపిక పట్టు.

కోపం వస్తే ఇంటికొచ్చి తిట్టు.
రౌషన్

ప్రియమైన రౌషన్,

నీ ఉత్తరం కంటే దళారి లారీలు ఒక రోజు ముందొచ్చాయి. నువ్వు ఒప్పుకోవని నీకు తెలియకుండా కబురు పెట్టాను. అమానతు పశువును అమ్మే హక్కు నాకు లేదు, ఆకలితో చంపే హక్కూ లేదు. అందుకని మనవి అమ్మేశాను. అన్నీ. ఈ ఎముకల్లో మాంసమెక్కడుందని దళారి నవ్వి, తోచినంత చేతిలో పెట్టాడు.

ఇవాళ మనవాళ్లంతా వచ్చి తమ పశువులను ఎక్కించుకున్నారు. మీవేవిరా అని బాబాయి చుట్టూ చూశాడు. చెప్పాను. ఆయన లారీ మెట్టు మీద కూలబడ్డాడు.

"ఒక్క మాట చెబితే నెల కిందటే వచ్చేవాణ్ణి కదరా. నువ్వు ఏమనుకుంటావోనని నేనూ అడగలేదు."

బావికి అవతల, ఆ బోడినేల దాటాక, ఇంకా కాస్త గడ్డి ఉంది రౌషన్. మన మంద ఒక్కదానికైతే సరిపోయేది. రేపు కెన్జె లారీలో ఇంటికొస్తున్నాను. నువ్వేమన్నా పడతాను.

నీ తలాప్