ఎడమవైపు నవ్వు

అక్టోబరు 22, బుధవారం

మళ్ళీ పన్ను విరిగింది. మొన్న నింపించుకున్నదే. అన్నంలో రాయి తగిలిందని అత్తగారితో అబద్ధం చెప్పాను. బియ్యం ఏరింది నేనే కదా బౌమా, నాకు కళ్ళు పోయాయంటావా అన్నారు. కోడల్ని కదా, నన్ను బౌమా అనే పిలుస్తారు. తల దించుకున్నాను.

నిద్రలో పళ్ళు కొరుకుతున్నాను. పుట్టింట్లో ఈ అలవాటు లేదు. పడుకునేటప్పుడు పెట్టుకోమని పళ్ళ డాక్టరు ఇచ్చిన ప్లాస్టిక్ తొడుగును కూడా కొరికి చీల్చేశాను. అడకత్తెర పక్కన పడుకున్నట్టుంది అని ఆయన నవ్వుతారు. అత్తగారు నవ్వరు. మనసులో కసి ఉన్నవాళ్ళే నిద్రలో పళ్ళు కొరుకుతారట. ఎవరిమీద బౌమా, అని పిండి కలుపుతూ అడిగారు.

ఎవరిమీదా లేదు. ఉంటే నాకు తెలియదు.

అక్టోబరు 27, సోమవారం

ఆయన కలకత్తా తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పళ్ళు బిగించమని నా బుగ్గలు నొక్కి చూసింది. ఇది బుగ్గ కాదమ్మాయ్, ఇటుక అంది. ఆ కండలో బొటాక్స్ సూది వేస్తుందట. అది విషమే, కానీ చాలా కొంచెం. కొన్ని నెలలు కండ బలం తగ్గుతుంది, గట్టిగా కొరకాలన్నా కొరకలేను. విషం అన్న తర్వాత ఆమె చెప్పిందేదీ నాకు సరిగా వినపడలేదు. మూతి వంకర పోదు కదా అని ఆయనే అడిగారు. నా మాట వింటే పోదు అంది.

శుక్రవారం రమ్మంది. తర్వాత నెలంతా ఆమె ఊళ్ళో ఉండదట. శుక్రవారం దశమి, జగద్ధాత్రి అమ్మవారిని సాగనంపే రోజు. కలకత్తాలో జగద్ధాత్రి పూజకి ఎవరూ పని ఆపరు. మా చందన్‌నగర్‌లో ఏడాదంతా బతికేది దానికోసమే. ఆ రోజు కుదరదని చెబుదామనుకున్నాను. అప్పటికే నా పేరు రాసేసింది.

అక్టోబరు 31, శుక్రవారం, పొద్దున

పన్ను నింపించుకోవడానికి వెళ్తున్నామని అత్తగారితో చెప్పాం. సూది సంగతి తెలిస్తే గుమ్మం దాటనివ్వరు.

సాయంత్రం

చీమ కుట్టినట్టే ఉంది, అంతే. లేస్తుంటే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. రేపటిదాకా బుగ్గలు రుద్దకు, ఎవరినీ రుద్దనివ్వకు, మందు పక్క కండలోకి పాకితే నవ్వు చెడుతుంది అని.

ఆయన స్టేషన్ నుంచి అటే లారీ దగ్గరికి వెళ్ళిపోయారు. దీపాలు కట్టడం ఆయన పని. ఊరేగింపులో లారీ మీద ఆయన కట్టిన దీపాల నెమలి తోక విప్పాలి. నేను ఇంటికొచ్చేసరికి అత్తగారు ఎర్రంచు తెల్లచీర తీసి మంచం మీద పెట్టారు. తలనొప్పి అన్నాను. అమ్మవారిని సాగనంపే రోజున తలనొప్పేమిటి, పద అన్నారు.

మండపంలో అందరం తమలపాకులతో అమ్మవారి బుగ్గలు తుడిచాం. సిందూరం పెట్టాం. నోటికి మిఠాయి తాకించాం. ఆ తర్వాత ముత్తయిదువలు ఒకరి బుగ్గలకి ఒకరు సిందూరం రుద్దుకోవడం మొదలైంది. నేను స్తంభం వెనక్కి జరిగాను. పక్కింటి నమితా పిన్ని పట్టేసింది. ఏయ్, దాక్కుంటావేం, మొగుడి ఆయుష్షు అక్కర్లేదా అని అరిచింది. అంతా ఒకటే నవ్వు.

ఆ మాట అన్నాక ఎవరు వద్దంటారు? మొహం చాపాను.

కుడి బుగ్గకి పిన్ని వేలితో అద్ది వదిలేసింది. ఎడమవైపు అత్తగారు. చెవి నుంచి పెదవి దాకా, అరచెయ్యంతా పెట్టి, ప్రేమగా, గట్టిగా. పెళ్ళయ్యాక ఆమె నన్నలా తాకడం ఇదే మొదలు. వద్దు అనే మాట పళ్ళదాకా వచ్చింది. పళ్ళు బిగించాను.

నవంబరు 1, శనివారం

అద్దం చూశాను. ఏమీ కాలేదు.

నవంబరు 3, సోమవారం

ఏమీ కాలేదు. ఆయనకి చెప్పలేదు.

నవంబరు 6, గురువారం

నవ్వితే మూతి ఎడమవైపు లేవడం లేదు. కుడి కొస పైకి వెళ్తోంది, ఎడమ కొస ఉన్నచోటే ఉంటోంది. వేలితో ఎత్తి పెట్టి చూశాను. వదిలితే పడిపోయింది.

మధ్యాహ్నం అత్తగారు తన పెళ్ళి ముచ్చట చెబుతుంటే నవ్వాను. చెప్పడం ఆపేశారు. సగం మూతితో నవ్వడం మీ అమ్మ నేర్పిందా అని అడిగారు. అప్పటి నుంచి నవ్వడం మానేశాను. ఇప్పుడేమో మొహం మాడ్చుకున్నానంటున్నారు.

ఇలాగే ఉండిపోతే? జీవితమంతా ఆమెని వెక్కిరిస్తున్నట్టు?

పళ్ళ చప్పుడు తగ్గిందని ఆయన సంతోషంగా ఉన్నారు. దీపాల పని తగ్గాక చూస్తారేమో నా మొహం.

నవంబరు 9, ఆదివారం

క్లినిక్‌కి ఫోన్ చేశాను. మెల్లగా దానంతటదే సర్దుకుంటుందట. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఎవరైనా రుద్దారా అని అడిగింది అక్కడి అమ్మాయి. పక్కనే అత్తగారు బఠానీలు వొలుస్తున్నారు. లేదు అన్నాను.

నవంబరు 12, బుధవారం

చెప్పేశాను.

టీ పట్టుకుని వస్తుంటే వరండాలోంచి వినపడింది. నేనేం మాట్లాడినా మూతి తిప్పుతుంది నమితా, పైకి చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటుంది అంటున్నారు అత్తగారు. కప్పులు వాళ్ళ ముందు పెట్టాను. తిప్పడం లేదమ్మా, అది కదలడం లేదు అన్నాను. ఇక ఆగలేదు. సూది, విషం, డాక్టరమ్మ మాట, దశమి, ఎడమ బుగ్గ, అన్నీ చెప్పాను. ఈ ఇంట్లో ఒక్కసారే ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

పిన్ని గబగబా లేచి నా మొహం చూసింది. కుడివైపు నేను రాసిందే, బాగానే ఉంది చూడు అంది. అత్తగారు తన అరచెయ్యి చూసుకున్నారు. వద్దనొచ్చు కదా అన్నారు. టీ చల్లారిపోయాక ఆమే మళ్ళీ అన్నారు, వద్దంటే మాత్రం నేను ఊరుకునేదాన్నా అని.

నవంబరు 20, గురువారం

గట్టివేవీ నమలలేకపోతున్నాను. అత్తగారు నాకోసం అన్నం మెత్తగా వండుతున్నారు, చేపముల్లు తీసి పెడుతున్నారు. నిన్న పిన్నిని గుమ్మంలోనే ఆపి, మా కోడలి మొహం దగ్గర చేతులు ఆడించకు అన్నారు. రోజూ పొద్దున, నవ్వు చూద్దాం బౌమా అని పిలుస్తారు. గడ్డం పట్టుకోబోయి, ముట్టుకోవచ్చా అని అడుగుతారు.

కూరలో కారం ఎక్కువైందన్నాను ఈరోజు. నేనే అన్నాను. తగ్గిస్తాలే అన్నారు.

డిసెంబరు 19, శుక్రవారం

అద్దంలో రెండు కొసలూ లేచాయి. మళ్ళీ చూశాను. లేచాయి.

వంటింట్లోంచి అత్తగారు పిలిచారు, నవ్వు చూద్దాం బౌమా అని.

వెళ్ళి సగమే నవ్వాను.