బేస్‌మెంట్ హీటర్

ఏమండీ,

మీరు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి నేటికి ఏడాది. ఇవాళ మన క్యారీ ఊరి లైబ్రరీలో ఒక అమ్మాయి మన తెలుగు చర్చి చరిత్ర మీద మాట్లాడింది. పేరు హారిక, పీహెచ్‌డీ చేస్తోంది. ఇక్కడే అమెరికాలో పుట్టిన హిందువుల పిల్ల. మన చర్చి సంగతులు ఆమెకెందుకని నాకు మొదటినుంచీ అనుమానమే. మీ పాత ఫైళ్ళు అడిగితే, లేవని చెప్పి క్లోజెట్‌లో దాచేశాను.

అయినా ఆమెకి కాగితాలు దొరికాయి. మొదట్లో మనం ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధనకి ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ వాడుకున్నాం కదా, వాళ్ళ రికార్డుల్లోనట. అందరి ముందూ తెర మీద ఒక ఉత్తరం చూపించింది. మన వంటల వాసన భరించలేకపోతున్నామని, వేరే చోటు చూసుకోమని వాళ్ళు రాశారు. అడుగున, సరేనంటూ సంఘ పెద్దగా మీ సంతకం.

దొంగ కాగితమేమోనని, అందరూ వెళ్ళాక అడిగి దగ్గరగా చూశాను.

"ఆంటీ, ఇది అంకుల్ సైన్ కాదా? రాంగ్ అయితే నేను తీసేస్తాను," అంది హారిక.

"ఆయనదే. ఉంచమ్మా," అన్నాను.

ఇప్పుడు నా అనుమానం మీ మీదికి మళ్ళింది. బేస్‌మెంట్ హీటర్ పాడైంది, అందుకే మారుతున్నామని కదా నాతో సహా అందరికీ చెప్పారు. పాపం ఆ అమెరికన్ చర్చివాళ్ళు చలికి అవస్థ పడుతున్నారని, ఆ హీటర్ బాగవ్వాలని ఆ శీతాకాలమంతా సంఘమంతా కలిసి ప్రార్థించాం. ప్రతిసారీ అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మీరే.