పసుపు దీపం, నల్లదారం

నాచారం ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, మా ఉస్తాద్ యాదన్న టీలో ఉప్పు కలిపే నా ఉద్యోగం పోయి నేటికి ఏడాది.

యాదన్నా, నువ్వు పోయాక మొదటిసారి మన షెడ్డుకు స్పోర్ట్స్ కారొచ్చింది. బండి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ పసుపు దీపం ఆర్పినకొద్దీ వెలుగుతోందట. ముందు చక్రం సెన్సర్ పోయిందని కంప్యూటర్ చెప్పింది. నువ్వు లేకుండా నావల్ల కాదనుకున్నాను. అయినా నువ్వు నేర్పినట్టు, మార్చేముందు చేత్తో తడిమాను. దిష్టికి కట్టిన నల్లదారం తెగి సెన్సర్‌కు చుట్టుకుంది. విప్పి తీసేశాను.

"దిష్టి కారుకు గాదు సార్, సెన్సర్‌కు తగిలింది," అన్నాను ఓనరుతో.

నారపల్లి దాకా నడిపి చూశాను. వాన వెలిసిన రోడ్డు మీద కారు మబ్బులో తేలినట్టు పోయింది. పక్కసీట్లో నువ్వున్నట్టే అనిపించింది. దీపం మళ్లీ వెలగలేదు.

"ఈ పని ఎవరు నేర్పారండీ?" అని ఓనరు అడిగాడు. నీ పేరు చెప్పాను.

అన్నా, నిజానికి ఆయన అడగనేలేదు. నేనే చెప్పాను.